పరాసుపేటలో పరాసులు లేరు

మా బందరులో పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెమూ ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, వలందులంటే హాలండువాళ్లు. వర్తకానికొచ్చిన దొరలు మూటాముల్లే సర్దుకుని పోయారు, వాళ్ల పేర్లు మాత్రం ఆటోవాళ్ల నోట మిగిలాయి. పోర్చుగీసువాడు మన నాలుకన పడి బుడతకీచు అయ్యాడు. వింటే ఏదో పిట్ట పేరనుకుంటాం! ఫ్రాంకులనే జాతి పేరు అరబ్బీ, పారసీల మీదుగా వచ్చి తెల్లవాళ్లందరికీ పరంగి అయింది, వాళ్లు తెచ్చిన గుండ్ల గొట్టానికి ఫిరంగి అయింది. చీనానుంచి వచ్చిన మందువేరుని పరంగిచెక్క అన్నాం. ఎవరి పేరు ఎవరికి తగిలించామో మనకే తెలీదు.

ఇదంతా ఊసుపోకకి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఆ పేరుగల మనిషి ఎదురుగా ఉన్నప్పుడే.

తురక అన్నది తుర్కు జాతి పేరు. ఢిల్లీ సుల్తానుల్లో తుర్కులుండబట్టి వచ్చింది. మన ఊళ్లో సాయిబు తాతముత్తాతలు తుర్కీ ముఖం చూసి ఉండరు. మా నాయనమ్మ పక్కింటాయన్ని ‘తురకాయన’ అనే అనేది. సంక్రాంతికి ఆయనింటికి అరిసెలు పంపేది, రంజానుకి వాళ్లింటినుంచి సేమ్యా వచ్చేది. ఆవిడ మాటలో విషం లేదు, దానికి నేనే సాక్షిని. ఆ ధీమాతోనే ఓసారి ఆఫీసులో, ఒక మిత్రుడు వింటుండగా, ఆ మాట వాడేశాను. ఆయన కోప్పడలేదు. టీ గ్లాసు కింద పెట్టి, “మాది తాతల కాలంనుంచీ తెనాలేనండీ” అన్నారు. వ్యుత్పత్తి చెబుదామని నోరు తెరిచాను గాని మాట పెగల్లేదు.

మలయాలో మనవాళ్లకీ ఇలాటి పేరే ఒకటుంది. కళింగంనుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లని అక్కడ ‘కెలింగ్’ అన్నారు. మొదట్లో అందులో తప్పేమీ లేదు. మలక్కాలో కంపుంగ్ కెలింగ్ మసీదు నేటికీ ఉంది. ఇవాళ అదే మాట అక్కడి తెలుగువాణ్ణీ, అరవవాణ్ణీ పొడిచే తిట్టు. (అరవవాణ్ణి అన్నాను, చూశారా! తమిళుణ్ణి అని దిద్దుకోవాలి.) “కళింగమంటే గొప్ప రాజ్యమే కదా, నొచ్చుకుంటావెందుకు?” అని అక్కడెవరైనా అంటే మనకెలా ఉంటుంది?

అయితే నాయనమ్మది తప్పా? అలా అనడానికి నాకు మనసొప్పదు. ఆవిడ మాట వెనక అరిసెల పళ్లెం ఉండేది. నా మాట వెనక ఏముంది?

ఆ మిత్రుణ్ణి ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తాను. పరాసుపేటని మాత్రం పరాసుపేటనే అంటాను. నొచ్చుకుందామన్నా అక్కడ పరాసులెవరూ లేరు.