ఎక్కడికి వెళ్లాలమ్మా?



బడంగ్‌పేట్ చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లు దర్శించే గురువుకు ఈమధ్య ఒక కొత్త పని వచ్చి పడింది. శంషాబాదు విమానాశ్రయం మనకు ఎంతో దూరం కాదు. 2008 మార్చిలో అది మొదలైన నాటి నుంచి ఎన్ని కుటుంబాలు తమ పిల్లలను అక్కడి గుమ్మం దాకా సాగనంపి కళ్లు తుడుచుకుంటూ తిరిగి వచ్చాయో లెక్క లేదు. వెళ్లినవారు ఆ దేశాల్లో స్థిరపడ్డారు. ఇక్కడున్నవారు ముసలివారయ్యారు. ఇప్పుడు ఆ పిల్లలు వేళగాని వేళ నాకు ఫోను చేసి, "ఫాదర్, అమ్మ మా మాట వినదు. మీరు చెబితే వింటుంది" అంటారు.

అలాంటి ఫోను ఒకటి నిరుడు వానాకాలంలో వచ్చింది. తల్లికి డెబ్బై ఎనిమిదేళ్లు. భర్త లేరు. చిన్నకొడుకు, కోడలితో ఇక్కడే ఉంటుంది. స్నానాలగది ముందు జారిపడితే మణికట్టు విరిగింది. తుంటి విరగనందుకు అందరం దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. చెయ్యి నయమయ్యాక పెద్దకొడుకు అమెరికాలో కూర్చునే ఒక నాలుగు చక్రాల వాకర్ కొని పంపించాడు. దానికి బ్రేకులున్నాయి, అలసిపోతే కూర్చోవడానికి పీట ఉంది, సామాను పెట్టుకోవడానికి సంచి ఉంది. పెద్దావిడ మాత్రం దాన్ని ముట్టుకోవడం లేదు.

నేను వెళ్లాను. వాకర్ మీద తీర్థం చల్లి ఆశీర్వదించాను. ఫోనులో కొడుకు చూస్తూండగా ఆమెను హాలులో అటొకసారి, ఇటొకసారి నడిపించాను. అక్కడ కొడుకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇక్కడ కోడలు కాఫీ ఇచ్చింది. ఒక మంచి పని చేశాననుకుంటూ ఇంటికి వచ్చేశాను.

మూడు నెలల తరువాత ఆమెకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లినప్పుడు చూస్తే, వాకర్ తలుపు పక్కన నిలబడి ఉంది. దాని పిడుల మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజమే. "ఏమమ్మా, ఇంత డబ్బు పోసి కొడుకు పంపితే..." అని మొదలుపెట్టాను. ఆవిడ నవ్వింది. "అది నాకు కాదు ఫాదర్, ఫోన్ల వానికి జూపెట్టనీకి. ఏడికి పోతవని నన్ను ఎవ్వలన్న అడిగిన్రా?" అంది.

పాఠకులారా, పెద్ద సెమినరీలో నేను తత్వశాస్త్రం చదువుకున్నాను. ప్రతి పనికీ ఒక గమ్యం ఉంటుందనీ, గమ్యం తెలియకుండా సాధనాన్ని ఎంచుకోకూడదనీ అరిస్టాటిల్ దగ్గర మొదటి పాఠంలోనే నేర్చుకున్నాను. అయినా ఆ ముసలి తల్లి అడిగేదాకా ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. నడిచే సాధనాన్ని ఆశీర్వదించాను గాని, నడిచి వెళ్లే చోటేదో అడగలేదు.

అప్పుడు అడిగాను. "ఎక్కడికి వెళ్లాలమ్మా నీకు?" ఆమె జవాబుకు ఎక్కువసేపు ఆలోచించలేదు. నాలుగిళ్ల అవతల ఒక ముస్లిం స్నేహితురాలు ఉంది. సాయంత్రం వాళ్ల అరుగు మీద ఇద్దరూ ఒక గంట కూర్చునేవారట. పొద్దున ఆకుకూరల బండి వస్తే తన చేత్తో కట్ట తిప్పి చూసి, బేరమాడి కొనుక్కోవాలి. ఆదివారం పూజకు కారు దిగి లోపలికి తానే నడవాలి. ఇంతే. ఇందులో హాలులో అటూ ఇటూ నడవడం ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ వాకర్ వైపు చూడండి. వీధి గుమ్మానికి నాలుగంగుళాల గడప ఉంది. దిగితే రెండు మెట్లు. మెట్లు దిగితే మోరీ మీద పరిచిన బండ, ఆపైన స్పీడ్ బ్రేకర్. వాకర్ చక్రాలు చిన్నవి, నున్నటి గచ్చు మీద తిరగడానికి చేసినవి. అందువల్ల వీధిలోకి పోలేదు. పోనీ ఇంట్లోనా? స్నానాలగది తలుపు సన్నం, వాకర్ వెడల్పు. ఆమె పడిపోయింది అక్కడే, అక్కడికే అది దూరదు. అటు ఇంటికీ కాక, ఇటు వీధికీ కాక, తువ్వాళ్లకు మిగిలింది. వస్తువు మంచిదే. ఎంచుకున్నవారి ప్రేమ కూడా నిజమైనదే. ఎంపిక మాత్రం తప్పు.

ఇలాంటి చక్రాల వాకర్‌ను 1978లో స్వీడన్ దేశంలో ఆయినా విఫాల్క్ అనే స్త్రీ రూపొందించింది. ఆమె చిన్న వయసులోనే పోలియో వచ్చి నడక దెబ్బతిన్న మనిషి. తనకు ఎక్కడ కాలు తడబడుతుందో, ఎక్కడ ఆగి కూర్చోవాలనిపిస్తుందో ఆమెకు తెలుసు. నడవలేని మనిషి తన అవసరాన్ని బట్టి తయారు చేసిన వస్తువు అది. మన ఇళ్లలో అదే వస్తువును బాగా నడవగలిగినవాళ్లు బొమ్మ చూసి కొంటున్నాం.

పునీత తోమాసు అక్వినాసు వివేకమనే సుగుణం గురించి చెబుతూ, సాధారణ సూత్రాలు తెలిస్తే సరిపోదనీ, ఎదుట ఉన్న ప్రత్యేక విషయం తెలియాలనీ బోధించారు. ఈ విషయంలో ఆ ప్రత్యేకాలు ఏమిటో నాకు మన ఊరి ఫిజియోథెరపిస్టు ఒకరు ఓపికగా చెప్పారు. మీకూ పనికి వస్తాయని రాస్తున్నాను.

ఒంటి బరువును చేతుల మీద ఆన్చి నిలబడవలసినవారికి నాలుగు చక్రాల వాకర్ పనికిరాదు. ఆనుకుంటే అది ముందుకు జారిపోతుంది. అలాంటివారికి చక్రాలు లేని నాలుగు కాళ్ల వాకర్ గాని, ముందు రెండు చక్రాలున్నది గాని మేలు. కాళ్లలో సత్తువ ఉండి, తూలు మాత్రమే ఉన్నవారికి, కొంతదూరం పోయాక ఆయాసపడేవారికి నాలుగు చక్రాలది మంచి తోడు. పార్కిన్సన్ జబ్బువల్ల అడుగులు వాటంతట అవే పరుగెత్తేవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని ముట్టకూడదు. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడుంటుందో పిడి అక్కడికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి. పిడి మరీ కిందికుంటే నడుము వంగిపోతుంది, మరీ పైకుంటే భుజాలు లాగేస్తాయి. వీధిలో తిరిగేవారికి పెద్ద చక్రాలు కావాలి. బ్రేకును తాళం పడేటట్టు కిందికి నొక్కిన తరువాతే పీట మీద కూర్చోవాలి. వేళ్లు వంకర్లుపోయిన చేతులకు ఆ బ్రేకు నొక్కే బలముందో లేదో కొనకముందే చూడాలి. ఇవేవీ బొమ్మ చూస్తే తెలిసేవి కావు. ఆ మనిషిని అంగడికి తీసుకువెళ్లి, నడిపించి, అడిగితేనే తెలుస్తాయి.

మీరు అనవచ్చు: "ఫాదర్, ఆమె అడిగినచోటికల్లా పంపితే రేపు రోడ్డు మీద పడదా? అప్పుడు జవాబుదారీ ఎవరు?" పెద్దకొడుకు కూడా ఇదే అడిగాడు. ఇది చిన్న ప్రశ్న కాదు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆ చావుల్లో ముసలివారి పాలే ఎక్కువ. కొడుకు భయానికి అర్థముంది. అయితే ఆ భయాన్ని కొంచెం విప్పి చూద్దాం. అమ్మ పడకూడదు అన్న కోరికలో రెండు కోరికలు కలిసి ఉంటాయి. అమ్మ బాగుండాలన్నది ఒకటి. నా మనసు నిశ్చింతగా ఉండాలన్నది రెండోది. అమ్మను కుర్చీలో కూర్చోబెడితే రెండోది వెంటనే తీరుతుంది. మొదటిది తీరిందో లేదో ఎవరూ చూడరు. పైగా కూర్చోబెట్టిన కాళ్లు నెలల్లో సత్తువ పోగొట్టుకుంటాయి. లేవవలసిన రోజు వచ్చినప్పుడు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో పునరుత్థాన ప్రభువు పేతురుతో అతని ముసలితనం గురించి మాట్లాడతారు. వయసులో ఉండగా ఇష్టమైన చోటికి పోయినవాణ్ణి, ముసలితనంలో మరొకరు ఇష్టంలేని చోటికి తీసుకుపోతారన్నది ఆ మాటల భావం. సువార్తికుడు దాన్ని పేతురు వేదసాక్షి మరణానికి సూచనగా వివరించాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మాత్రం మన ఇళ్లలోని పెద్దలు గుర్తుకొస్తారు. ఇష్టంలేని చోటికి తీసుకుపోబడటం ఒక శ్రమ. ఇష్టమైన నాలుగిళ్ల దూరం కూడా పోనివ్వకపోవడం దానికి సోదరి వంటి శ్రమ. నాల్గవ దైవాజ్ఞ తల్లిదండ్రులను గౌరవించమంటుంది. గౌరవమంటే పోషించడం ఒక్కటే కాదు. పశువును కూడా పోషిస్తాం. గౌరవమంటే ఎదుటి మనిషికి ఒక ఇష్టముందని గుర్తించి, దాన్ని అడిగి తెలుసుకోవడం.

"అమ్మకు మతి నిలవడం లేదు, ఏమని అడగమంటారు?" అనే ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడ బిడ్డలే నిర్ణయించాలి, తప్పదు. అయినా ఆమె జీవితమంతా ఎక్కడికి నడవడానికి ఇష్టపడిందో మీకు తెలుసు కదా. పెరట్లో మల్లెపందిరి దగ్గరికా, మరియమాత స్వరూపం ముందుకా, పక్కింటికా? ఆమె నోట మాట లేకపోతే ఆమె బతుకునే అడగండి.

ఇక పెద్దవారితో ఒక మాట. నేనూ యాభై దాటినవాణ్ణి, మోకాళ్లు నాకూ చెబుతున్నాయి, కనుక కోపగించుకోకండి. "నలుగురూ ఏమనుకుంటారు, అది పట్టుకుని గుడికి ఎలా వస్తాను" అని ఇంట్లోనే ఉండిపోయేవారు మన విచారణల్లో తక్కువమంది కాదు. అలా గోడలు పట్టుకుని నడిచి పడిపోతే, ఆ తరువాత నెలల తరబడి మంచం దగ్గర ఉండవలసింది మీ కోడలే. అలస్డెయిర్ మెకిన్‌టయిర్ అనే తత్వవేత్త 1999లో రాసిన పుస్తకంలో, మనిషి ఒకరి మీద ఒకరు ఆధారపడే ప్రాణి అనీ, ఆ సంగతి ఒప్పుకోవడానికి కూడా సుగుణాలు కావాలనీ వాదించాడు. ఇవ్వడం నేర్చుకున్నాం. పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి. 1994లో పడి తొడ ఎముక విరిగాక రెండవ జాన్‌పాల్ పోపుగారు లోకమంతా చూస్తుండగా చేతికర్రతో నడిచారు. 2022 మే నెల నుంచి ఫ్రాన్సిస్ పోపుగారు మోకాలి నొప్పితో చక్రాల కుర్చీలో జనం ముందుకు వచ్చారు. వారికి లేని నామోషీ మనకెందుకు?

ఫ్రెంచి తత్వవేత్త మెర్లో పోంటీ 1945లో ఒక అంధుడి చేతికర్రను గురించి రాశాడు. అలవాటయ్యాక ఆ కర్ర అతనికి వస్తువుగా తోచదు, తన స్పర్శ కర్ర కొస దాకా సాగుతుంది. వాకర్ కూడా అంతే. కాని ఏ కర్రా మూలన నిలబడి అలవాటు కాదు. ఇష్టమైన చోటికి పదిసార్లు తీసుకువెళ్తేనే అది మన కాలవుతుంది.

డబ్బు లేనివారి సంగతి మరిచిపోకూడదు. ఏదో ఒక సహాయక సాధనం కావలసినవారు లోకంలో 250 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2022లో చెప్పాయి. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇవ్వడానికి కేంద్రప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన తెలుగు నేల మీదనే, నెల్లూరులో ప్రారంభించింది. వాటిని కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ అందిస్తోంది. ఇలాంటి సహాయాల వివరాలు అడగడానికి వృద్ధుల కోసం 14567 అనే ఫోను నంబరు ఉంది. మీ ఇంట్లో ఎవరూ వాడని వాకర్ ఉంటే గుడికి తెచ్చివ్వండి, కావలసినవారికి ఎరువుగా ఇద్దాం. అయితే ఒక షరతు. ఉచితంగా ఇచ్చేటప్పుడు కూడా పిడి ఎత్తు సరిచూసి, ఎక్కడికి వెళ్లాలో అడిగి ఇవ్వాలి. పేదవాడు కదా, ఏదిచ్చినా చాలునులే అనుకోకూడదు.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. చిన్నకొడుకు ఆమెను సర్జికల్ షాపుకు తీసుకువెళ్లాడు. ఫిజియోథెరపిస్టు చెప్పిన ప్రకారం మూడు రకాలు నడిపి చూసి, పెద్ద చక్రాలున్న తేలికైనది ఆమే ఎంచుకుంది. స్నానాలగది గోడకు రెండు స్టీలు కమ్మీలు బిగించారు. గడపను తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. దానికి రెండువైపులా చెక్కతో చిన్న వాలు వేశారు, బయట మెట్ల మీద సిమెంటుతో ఇంకొంత పొడవైన వాలు పోశారు. వీధిలోకి వెళ్లేటప్పుడు కోడలో మనవరాలో మోరీ దాటేదాకా వెంట ఉండాలి. అది ఆమె పెద్దకొడుకుకు ఇచ్చిన మాట. కొడుకు భయం పూర్తిగా పోలేదు. పోతుందని నేనూ చెప్పలేదు.

మొన్న సాయంత్రం ఆ వీధిన పోతుంటే అరుగు ముందు వాకర్ కనిపించింది. బ్రేకు తాళం వేసి ఉంది. సంచిలో తోటకూర కట్ట ఉంది. ఇద్దరు ముసలమ్మలూ ఏదో మాటల్లో పడి నన్ను చూడలేదు. పలకరించకుండానే వచ్చేశాను.

ఈ ఆదివారం పూజ అయ్యాక మీ అమ్మగారి దగ్గరో, నాన్నగారి దగ్గరో ఒక పది నిమిషాలు కూర్చోండి. ఏది కొనాలో తరువాత చూసుకోవచ్చు. ముందు, ఎక్కడికి వెళ్లాలని ఉందో అడగండి.