హాస్యానికి కాలదోషం పడుతుందా? – ‘ది సింప్సన్స్’ 29వ సీజన్, అపూ పాత్ర: ఒక నైతిక పరిశీలన

వికృతమైన వేషం, వికృతమైన మాట, అంగవైకల్య ప్రదర్శన, దోషాలను ఎత్తిచూపడం మొదలైనవాటిని భరతుడు హాస్యరసానికి విభావాలుగా పేర్కొన్నాడు. స్మిత హసితాలు ఉత్తమ ప్రకృతులకు, విహసిత ఉపహసితాలు మధ్యములకు, అపహసిత అతిహసితాలు అధములకు చెందుతాయని విభజించాడు. ఈ విభజన అంతా నవ్వేవారిని గురించినదే. నవ్వేవారికి ఆరు మెట్లు కట్టిన శాస్త్రం నవ్వులపాలైన వానికి ఒక్క మెట్టూ కట్టలేదు. ప్రహసనాలపై పరిశోధన చేస్తున్న నాకు ఈ లోటు చాలాకాలంగా కనబడుతున్నా, దాని నైతిక పర్యవసానం స్పష్టమైంది మాత్రం ఒక అమెరికన్ యానిమేషన్ ధారావాహిక వల్ల.

‘ది సింప్సన్స్’ ఫాక్స్ చానెల్లో 1989 డిసెంబరులో ప్రారంభమైంది. పెద్దల కోసం తీసిన ఈ వ్యంగ్య హాస్య ధారావాహికలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణవాసులందరూ ఏదో ఒక అతిశయోక్తితో రూపొందినవారే. 1990 ఫిబ్రవరిలో అందులోకి అపూ అనే భారతీయ దుకాణదారు వచ్చాడు. పేరును సత్యజిత్ రాయ్ చిత్రత్రయం నుంచి తీసుకున్నారు. ఇంటిపేరు నహసపీమపెటిలాన్. అది బెంగాలీ పేరూ కాదు, తమిళ పేరూ కాదు. పొడవుగా, నోరు తిరగనట్లు వినిపించడమే దాని పని. గాత్రం హాంక్ అజారియా అనే శ్వేతజాతి నటునిది. 1968లో వచ్చిన ‘ది పార్టీ’ చిత్రంలో పీటర్ సెల్లర్స్ భారతీయునిగా పలికిన తీరు తనకు ప్రేరణ అని ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఇది అనుకరణకు అనుకరణ. న్యూయార్కులో తెలుగు కుటుంబంలో పుట్టి పెరిగిన హాస్యనటుడు హరి కొండబోలు 2012లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో దీన్నే ఎత్తిచూపాడు: తన తండ్రిని వెక్కిరించే ఒక తెల్లవాణ్ణి మరో తెల్లవాడు అనుకరిస్తే వచ్చేదే ఆ గొంతు అన్నాడు. 2017 నవంబరులో అదే అంశంపై ఆయన ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ వెలువరించాడు. కాల్ పెన్ వంటి దక్షిణాసియా మూలాల నటులు అందులో తమ అనుభవాలు చెప్పుకున్నారు.

అప్పటికి ధారావాహిక 29వ సీజన్ నడుస్తోంది. 2017 అక్టోబరు నుంచి 2018 మే వరకు 21 భాగాలుగా వచ్చిన ఈ సీజన్‌లోనే, 2018 ఏప్రిల్ 29న, ‘గన్‌స్మోక్’ పేరిట ఉన్న 635 భాగాల రికార్డును దాటి 636వ భాగం ప్రసారమైంది. ఆ ఉత్సవానికి మూడు వారాల ముందు, ఏప్రిల్ 8న వచ్చిన భాగం డాక్యుమెంటరీకి జవాబు చెప్పింది. తల్లి మార్జ్ తన చిన్ననాటి పుస్తకాన్ని కూతురు లీసాకు చదివి వినిపించబోతుంది. అందులోని జాతి దురభిప్రాయాలు చూసి నివ్వెరపోయి, కథను తానే తిరగరాస్తుంది. తిరగరాసిన కథ చప్పగా తయారవుతుంది. అప్పుడు లీసా ప్రేక్షకుల వైపు తిరిగి, దశాబ్దాల కిందట అందరూ మెచ్చుకున్నది, ఎవరినీ నొప్పించనిది ఇవాళ తప్పయిపోయింది, ఏం చేయగలం అన్న అర్థంలో మాట్లాడుతుంది. పక్కనే అపూ ఫొటో ఉంటుంది.

ఇది నోరుజారి అన్న మాట కాదని గుర్తించాలి. రంగస్థలం మీద నటుడు అప్పటికప్పుడు అల్లిన చమత్కారానికి ఒక మన్నింపు ఉంటుంది. యానిమేషన్‌లో ఆ వీలు తక్కువ. రచయితలు కలిసి కూర్చుని వాక్యం వాక్యం తిరగరాస్తారు, నటులు చదువుతారు, గాత్రం రికార్డవుతుంది, కొరియా స్టూడియోల్లో బొమ్మలు కదలిక పొందుతాయి. ఒక భాగం తయారు కావడానికి నెలలు పడుతుంది. ఇన్ని చేతులు మారిన వాక్యానికి కర్త ఒకరు కాకపోవచ్చు. బాధ్యత మాత్రం లేకుండా పోదు.

లీసా వాక్యంలోని తర్కం మన దస్తావేజు పరిభాషలో చెప్పాలంటే కాలదోషం పట్టిందన్న వాదం. నోటు రాసి ఇన్నేళ్లయింది, ఇప్పుడు దావా చెల్లదు అన్నట్లు. ఈ వాదానికి ఆధారం ‘ఎవరినీ నొప్పించనిది’ అన్న విశేషణం. ఎవరినీ అంటే ఎవరిని? 1990లో నొప్పి కలిగినవారు అమెరికాలో దుకాణాల గల్లాల వెనుక నిలబడ్డవారు, బడిలో అపూ అని పిలిపించుకున్న పిల్లలు. వారి మాట వినిపించే వేదిక అప్పుడు లేదు. వినబడని నొప్పిని లేని నొప్పిగా జమకట్టడం గ్రహణచరిత్రలో పెద్ద పొరపాటు. సాహిత్య చరిత్రలోనూ సమకాలిక సమీక్షలు మెచ్చుకున్నంత మాత్రాన పాఠకులందరూ మెచ్చుకున్నారని మనం రాసేస్తుంటాం. సమీక్షలు రాసే అవకాశం ఎవరికుందో అడగం.

అపూను సమర్థించేవారి మరో వాదం ఇంతకంటే బలమైనది: ఆ పట్టణంలో పోలీసు అధికారి, తోటమాలి, కథానాయకుడు అందరూ హాస్యపాత్రలే కదా, పైగా అపూ కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు, మంచివాడు కదా అని. నిజమే. 1995లో వచ్చిన ఒక భాగంలో శాకాహారిగా మారి ఇతరులను నిందిస్తున్న లీసాకు పరమతసహనం నేర్పేది అపూయే. ఆ సన్నివేశం చూసినవారికి 2018 నాటి వాక్యం ఆమె నోటనే పెట్టడం మరింత కష్టం కలిగిస్తుంది. గురువు ఋణాన్ని శిష్యురాలిచేతే కొట్టివేయించారు. అయితే పాత్ర మంచితనం వల్ల గొంతులోని వెక్కిరింత పోదు. తెల్లవారికి అదే తెరమీద వందల ప్రతిరూపాలున్నాయి. భారతీయునికి చాలాకాలం దాదాపు ఆ ఒక్కటే ఉంది. ఒంటరి ప్రతిబింబం మీద పడే బరువు వేరు.

ఇక ‘తిరగరాస్తే కథ చచ్చిపోతుంది’ అన్న ఆ భాగపు నమ్మకం. దీనికి మన సాహిత్యంలోనే ఎదురు సాక్ష్యం ఉంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ను గురజాడ 1909 నాటికి ఆమూలంగా మార్చి పెంచాడు. నేడు మనం చదువుతున్నదీ పాఠం చెబుతున్నదీ ఆ రెండో కూర్పునే. గురజాడ ప్రధాన ప్రేరణ కళాత్మకం కావచ్చు, నైతికం కాకపోవచ్చు. అయినా రచయిత తన రచన దగ్గరికి తిరిగి వెళ్లడం దాన్ని చంపడమేనన్న మాట మాత్రం నిలబడదు.

వెనక్కి వెళ్లడానికి ఇష్టపడనప్పుడు మిగిలే దారి నిషేధం లేదా మౌనం. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల అభ్యంతరం దీనికి కారణం. విచిత్రమేమంటే అక్కడా ఇక్కడా నవ్వులపాలైనవాడు అంగడివాడే. వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి రాసిన నాటకంలో, ప్రదర్శనల మీద ప్రదర్శనలుగా చేరిన మోటు హాస్యం ఎంత, రచయిత పాఠం ఎంత అని విడదీసే శ్రమ పడవలసింది మన బోటి పరిశోధకులు. ఆ శ్రమ పడనిచోట ఉత్తర్వు వచ్చింది. అభ్యంతరం చెప్పినవారి నొప్పిని నేను తేలిక చేయడం లేదు. నిషేధం ఆ నొప్పిని విన్నదని మాత్రం అనలేకపోతున్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట. నాది శ్రీకాకుళం జిల్లా. ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో మిత్రులు మా యాసలో మాట్లాడమని అడిగేవారు. మాట్లాడేవాణ్ణి. నవ్వేవారు. నవ్వు సరిపోకపోతే ఇంకాస్త సాగదీసి, మా ఊళ్లో ఎవరూ పలకనట్లు పలికేవాణ్ణి. సినిమాలో విన్న మా యాసను నేనే అనుకరించేవాణ్ణన్నమాట. ఒకసారి మా నాన్న ఫోన్ చేస్తే వారి ముందు మాట్లాడలేక వరండాలోకి వెళ్లాను. తానే నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం అని శాస్త్రం. వరండాలో నిలబడ్డ నాది ఏ స్థానమో నాకు తెలియలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు కనుక ఎవరూ నన్ను నొప్పించలేదని ఆ మిత్రులు నిజాయితీగానే చెప్పగలరు.

అజారియా వైఖరి నెమ్మదిగా మారింది. 2018 ఏప్రిల్‌లోనే తాను తప్పుకోవడానికి సిద్ధమన్నాడు, 2020 జనవరిలో ఆ గాత్రం మానేశానన్నాడు. 2021లో భారతీయులకు క్షమాపణ చెప్పాడు. ఒక నటుడు తనకు పేరు తెచ్చిన గొంతును వదులుకోవడం చిన్న విషయం కాదు. నిర్మాతలు కూడా 2020 జూన్‌లో శ్వేతేతర పాత్రలకు ఇకపై శ్వేతజాతి నటుల గాత్రం ఉండదని ప్రకటించారు. ఇతర పాత్రలకు కొత్త గొంతులు దొరికాయి. అపూను తొలగించమని కొండబోలు కోరలేదు. పాత్రను రచయితలు మరింత లోతుగా రాయాలన్నదే ఆయన ఆశ. అది జరగలేదు. ఇప్పుడు అపూ అప్పుడప్పుడు జనసమూహంలో, వెనుక వరుసలో కనిపిస్తాడు. పెదవి కదపడు.