పొయ్యి పాపం ఎంత దూరం పోతుంది?

గృహస్థు ఇంట్లో ఐదు వధశాలలు ఉంటాయంటుంది మనుస్మృతి మూడో అధ్యాయం. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ. వీటిని ఎవరూ చంపాలనుకుని ముట్టరు. అయినా నిప్పులో పురుగు మాడుతుంది, రోకటి కింద చీమ నలుగుతుంది. ఆ బాకీ తీర్చుకోవడానికే రోజూ ఐదు యజ్ఞాలు చెప్పారు: వేదాధ్యయనం, పితరులకు తర్పణం, దేవతలకు హోమం, కాకులకూ కుక్కలకూ ఒక ముద్ద, ఇంటికి వచ్చినవాడికి అన్నం. గీత మూడో అధ్యాయానికి భాష్యం రాస్తూ శంకరులు కూడా ఈ ఐదింటిని తలచుకున్నారు.

మనుస్మృతిని 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో తగలబెట్టారు. అందుకు తగిన కారణాలే ఉన్నాయి. ఈ ఐదింటి సంగతే చూడండి: రోకలి పట్టింది, కుండ మోసింది, పొయ్యి ఊదింది ఆడవాళ్లు. యజ్ఞఫలం మాత్రం యజమాని పేరున జమ. అయినా ఆ జాబితాలో పారేయలేని ఆలోచన ఒకటుంది. తెలియక చేసిన హాని కూడా లెక్కలోకి వస్తుంది, దాని వల్ల అన్నం తిన్నవాడే ఆ బాకీ మోయాలి.

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఇప్పుడు సన్నెకల్లు పెరట్లో పడి ఉంటుంది. వంట సిలిండర్ మీద. చీమ నలగడం కంటికి కనిపించదు కనుక పాపం తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ ఈ పల్లెల్లోకి సహజవాయువు ముందుగా వచ్చింది వంటింటి దారిన కాదు. యూరియా బస్తాలో తెల్లటి గుళికలుగా వరిమడికీ, మక్క చేనుకూ, పసుపు తోటకూ వచ్చింది.

పక్కనే ఉన్న రామగుండంలో 1980లో మొదలైన పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచేది. బొగ్గు గనులు కాలినడక దూరంలోనే ఉన్నా అది నష్టాల్లో కూరుకుపోయి 1999లో మూతపడింది. దాని స్థానంలో వచ్చిన కొత్త కర్మాగారం, ఆర్ఎఫ్‌సీఎల్, 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 నవంబర్ 12న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. మీథేన్ నుంచి హైడ్రోజన్ తీసి, గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమోనియా చేస్తారు. దానికి బొగ్గుపులుసు వాయువు చేరిస్తే యూరియా. అంటే ఇక్కడ గ్యాస్ ఇంధనం మాత్రమే కాదు, ముడిసరుకు కూడా. గోదావరి జిల్లాల్లోని కుంచనపల్లి నుంచి సుమారు 360 కిలోమీటర్ల గొట్టం వేసి దాన్ని రామగుండానికి తెచ్చారు. ధర్మపురి నరసింహస్వామి పాదాల ముందు నుంచి గోదావరి నీళ్లు కోనసీమకు దిగుతాయి. గ్యాస్ మాత్రం నదికి ఎదురెక్కి వస్తుంది.

ఈ గొట్టాల కింద భూమి ఎవరిది? 1962 నాటి చట్టం విచిత్రమైన జవాబు చెబుతుంది. భూమి రైతుదే. దాని కింద గొట్టం వేసుకునే వినియోగ హక్కు మాత్రం ప్రభుత్వానిది లేదా సంస్థది. పైన పంట వేసుకోవచ్చు, కానీ ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అందుకు పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంటనష్టం వేరే. లోకంలో దేన్నీ నాదనుకోకుండా అనుభవించమని చెప్పే ఈశోపనిషత్తును పాటించే భాగ్యం చివరికి ఈ రైతులకు చట్టం ద్వారా దక్కింది, వాళ్లు అడక్కపోయినా.

2014 జూన్ 27, తెల్లవారుజామున. తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గొట్టం పగిలింది. ఊరి మీద గ్యాస్ పరుచుకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పటి పత్రికలు రాశాయి. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు, ఇళ్లు, పశువులు, పక్షులు కాలిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాస్‌ను పంపడం, ఆ తేమను తీసే ఏర్పాటు లేకపోవడం, లోపలి నుంచి ఇనుమును తుప్పు తినేయడం విచారణలో బయటపడ్డాయి. లీకుల గురించి ఊరివాళ్లు అంతకుముందే మొత్తుకున్నారు.

ఆ గొట్టం రామగుండానికి వచ్చేది కాదు. తాటిపాక నుంచి విజయవాడ పక్కన కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు పోయేది. రాష్ట్రం విడిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి కోనసీమ గ్యాస్‌తో పుట్టిన కరెంటు ఉమ్మడి గ్రిడ్‌లోనే కలిసింది. ఆ గ్రిడ్ నుంచే జగిత్యాల బోరుబావుల మోటార్లూ, సిరిసిల్ల మరమగ్గాలూ తిరిగాయి. సిరిసిల్లలో 1970 నుంచి కరెంటు పంచుతున్నది వినియోగదారుల సొంత సహకార సంఘం, సెస్. వైరు చివర ఉన్నవాళ్లు ఆ వైరుకు యజమానులు కూడా కావడం దేశంలో అరుదు. అయినా మీటరు తిరుగుతున్నప్పుడు కొబ్బరితోటల కింద తుప్పు పడుతున్న ఇనుము ఎవరికి గుర్తొస్తుంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చంపాలన్న తలపే లేని వాళ్లకు పాపమేమిటి? దీన్ని ఇదే నేల మీద వెయ్యేళ్ల కిందట మరో వైపు నుంచి తరచి చూశారు. వేములవాడ చాళుక్యుల నీడన ఉన్న జైన పండితుడు సోమదేవసూరి 959లో యశస్తిలక చంపువు పూర్తి చేశాడు. అందులో యశోధరుడనే రాజు, తల్లి బలవంతం మీద, బతికిన కోడిని కోయలేక పిండితో చేసిన కోడిని బలిస్తాడు. ప్రాణం పోలేదు, నెత్తురు కారలేదు. అయినా తల్లీకొడుకులు జన్మలకు జన్మలు జంతువులై పుట్టి బాధపడతారు. హాని జరగకపోయినా తలపు ఉంది కనుక. మనువు లెక్కలో తలపు లేకపోయినా హాని ఉంది కనుక పాపం. రెంటికీ మధ్య ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఇంకో సూక్ష్మం చెప్పింది: ఏమరుపాటుతో ప్రాణం తీయడమే హింస అని.

నగరం ఊరికి సరిగ్గా సరిపోయే నిర్వచనం అదే. గ్యాస్ నడిపిన సంస్థది ఏమరుపాటు. దాన్ని గ్యాస్, కరెంటు వాడుకున్న రైతు మీద రుద్దడం అన్యాయం. కానీ రైతుకూ, నేతకార్మికుడికీ, వాళ్ల బియ్యం తిని బట్ట కట్టుకున్న హైదరాబాద్ వాడికీ ఏ సంబంధమూ లేదనడం కూడా తేలిగ్గా తప్పించుకోవడమే. వాళ్లది పొయ్యి పాపం. చిన్నది, రోజువారీది, తీర్చుకోగలిగింది.

తీర్చుకోవాలంటే అప్పు ఎవరికో తెలియాలి కదా, గొట్టం ఆ గుర్తునే చెరిపేస్తుంది. లోపల కలిసిన గ్యాస్‌కు ఊరూ పేరూ ఉండవు. ఎవరు ఎంత ఎక్కించారు, ఎవరు ఎంత తీసుకున్నారన్నది వేడి ప్రమాణాల పద్దుల్లోనే ఉంటుంది. 2015 నుంచి యూరియా కర్మాగారాలకు దేశీయ గ్యాస్, దిగుమతి గ్యాస్ ధరలను కలిపి సగటు కడుతున్నారు. దిగుమతిలో పెద్ద భాగం ఖతర్ నుంచి మైనస్ 162 డిగ్రీల చలిలో ద్రవమై ఓడల మీద గుజరాత్‌లోని దహేజ్‌కు చేరుతుంది. ఖతర్ ఎండల్లో పనిచేసే వలస కూలీల్లో కోరుట్ల, సిరిసిల్ల పల్లెల కొడుకులూ ఉన్నారు. ఇన్ని చోట్ల ధరలు కలిపి సగటు కట్టినవాళ్లు ముప్పును మాత్రం పుట్టినచోటే వదిలేశారు.

నిల్వ సంగతి ఇంకా తమాషా. మనువు గృహస్థులను నిల్వను బట్టి వరుస కట్టాడు: గాదె నిండా ధాన్యం ఉన్నవాడు, కుండెడు ఉన్నవాడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు, రేపటికి ఏమీ లేనివాడు. చివరివాడే గొప్పవాడట. సహజవాయువు విషయంలో భారతదేశం ఆ గొప్పతనానికి దగ్గరగా ఉంది. విశాఖలో భూగర్భ గుహలో 60,000 టన్నుల వంటగ్యాస్ దాచుకోవచ్చు గానీ, సహజవాయువుకు అలాంటి పెద్ద భూగర్భ నిల్వ దేశంలో లేదు. గొట్టంలో ఒత్తిడి పెంచి పట్టించినదీ, ఓడరేవుల ట్యాంకుల్లో ఉన్నదీ, అంతే. సన్యాసికి అది శోభ. 2025 ఆగస్టులో తెలంగాణ అంతటా యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులూ పాసుపుస్తకాలూ వరుసలో పెట్టి నిలబడ్డ రైతుకు కాదు. దిగుమతులు తగ్గడంతో పాటు రామగుండంలో ఉత్పత్తి ఆగడం కూడా ఆ కొరతకు కారణమని రాష్ట్ర మంత్రులు అప్పుడు చెప్పారు. కనుక గొట్టాలు పెరగాలి, నిల్వలూ పెరగాలి. వద్దనేవాడు ముందు ఆ వరుసలో ఒక పూట నిలబడి రావాలి.

పెరిగే ప్రతి కిలోమీటరుకూ కాకిముద్ద ఎవరు పెడతారన్నదే మిగిలిన ప్రశ్న. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. అసలు ఖర్చులో మిగతాది కేంద్రం రాయితీగా భరిస్తుంది. గ్యాస్‌లో తేమ తీయడం, గొట్టం లోపలికి పరికరం పంపి తుప్పు కొలవడం, ఊళ్లలో లీకు పసిగట్టే యంత్రాలు పెట్టడం ఆ ఖర్చులో భాగమే కావాలి. ఆర్ఎఫ్‌సీఎల్‌లో తెలంగాణ ప్రభుత్వానికి 11 శాతం వాటా ఉంది. నగరంలో పగిలిన గొట్టాన్ని నడిపిన గెయిల్‌కు 14 శాతానికి పైగా ఉంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. కుంచనపల్లి నుంచి రామగుండం దాకా గొట్టం తనిఖీ నివేదికలు తెలుగులో రాయించి, దారి పొడవునా గ్రామసభల ముందు చదివించాలని ఆ 11 శాతం తరఫున అడగవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎమ్మెల్యేలు అసెంబ్లీలో యూరియా గురించి ఎలాగూ మాట్లాడతారు. ఈ నివేదికల మాట కూడా అప్పుడే ఎత్తవచ్చు.