ఎదురుపడని వారి సంఘం

ఒకేచోట, ఒకే వేళ కలవని మనుషులు సంఘమవుతారా? బౌద్ధ వినయం (భిక్షువుల నియమావళి) ప్రకారం ఉపోసథ దినాన, అంటే నియమాలు పఠించే రోజున, సీమలోని (నిర్ణీత హద్దులోని) భిక్షువులంతా ఒక్కచోట చేరాలి. రాలేని రోగి తన పరిశుద్ధిని, అంటే తాను నియమం తప్పలేదన్న మాటను, మరో భిక్షువు ద్వారా చెప్పి పంపాలి. దేహం ఎదుట ఉండటమే అక్కడ నియమం.

1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, ర్యాండీ స్యూస్ మొదలుపెట్టిన, ఫోను ద్వారా చేరే కంప్యూటర్ సందేశాల బోర్డు సీబీబీఎస్‌లో ఆ నియమానికి చోటే లేదు. ఉన్నది ఒక్క ఫోను లైను. ఒకరు లోపలుంటే తక్కినవారికి ఎంగేజ్ టోనే. వచ్చినవారు పాత సందేశాలు చదివి, తమ మాట రాసి, లైను వదిలేవారు. 300 బాడ్ మోడెమ్ సెకనుకు దాదాపు 30 అక్షరాలే మోసేది కనుక వాక్యం తెరమీద కళ్లముందే పేరుకునేది. ఇద్దరు ఎన్నడూ కలిసి ఉండరు, అయినా సంభాషణ సాగేది.

అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో వెలసిన కమ్యూనిట్రీ అనే మరో బోర్డు ఈ సంఘం ప్రశ్నను మతం దాకా తీసుకెళ్లింది. అక్కడి 'ఆరిజిన్స్' చర్చలో కొందరు కొత్త మతాన్నే కల్పించబోయారు: నాయకుడు లేడు, అధికారిక ఉనికి లేదు, పరస్పర సహాయం వంటి ఆచరణలే ఉన్నాయి. గురువు లేని మతం మాట అటుంచితే, కాపలా లేని బోర్డు నిలవలేదు. 1980లలో బడులకు కంప్యూటర్లు చేరాక కుర్రాళ్లు బూతు సందేశాలతో దాన్ని నింపేశారు. వచ్చేవాటిని ఆపే వీలు నిర్వాహకులకు లేదు. స్వేచ్ఛ కోసం ఆ వ్యవస్థను అలాగే కట్టారు. వినయం వంటి శిక్షా నియమాలు సంఘానికి ఎందుకో తెలిసేలోపే కమ్యూనిట్రీ మూతపడింది.