పరదేశమున మడసిన సిపాయి

జీతమునకై పరాయి ప్రభువు పక్షమున పోరి, సముద్రముల కావల కూలినవానిని మన మేల స్మరింపవలెను? మా రావులపాలెమున చదువుకొన్న యువకులే యీ ప్రశ్న వేయుచున్నారు. దేశమునకై మడసినవాడు వీరుడు, కూలికై మడసినవాడు కూలివాడే గదా యని వారి వాదము. వినుటకు గట్టిగానే యున్నది.

రిజర్వు సిపాయి యన నెవడు? పటాలమున కొలువు ముగించి, యింటికి వచ్చి నాగలి పట్టినవాడు. పిలుపు వచ్చినచో మరల తుపాకి పట్టవలసినవాడు. 1914లో యుద్ధము మొదలు కాగానే యిట్టివారికి పిలుపులు పోయెను. వారిని కదలించినది యుత్సాహము గాదు, ఒప్పందము. తాము తలపెట్టని కలహమున కూలిరి; వారి భార్యలు వైధవ్యము పాలైరి. ఆ స్త్రీలకు మన సంఘ మేమి చేసినదను సంగతి వేరొక వ్యాసము కోరును.

రావులపాలెమునుండి సిద్ధాంతము వంతెన దాటి, తణుకు మీదుగా తాడేపల్లిగూడెము పోయినచో, ఆ చేరువనే మాధవరము కలదు. తరతరములుగా సైన్యమునకు బిడ్డల నిచ్చుటచే దానికి మిలిటరీ మాధవరమని పేరు. రెండు ప్రపంచయుద్ధములకును ఆ యూరివారు పోయిరి. మడసినవారికి ఊరిలోనే స్మారకము నిలుపుకొనిరి.

ప్రభువు లేమి చేసిరి? మెసొపొటేమియాలో గతించి, సమాధియైన నెఱుగని నలువదివేలకు పైబడినవారికై 1929లో బస్రాలో స్మారకము వెలసెను. అందు తెల్లవారి పేర్లు చెక్కిరి. మన యధికారుల పేర్లును చెక్కిరి. మన సామాన్య సిపాయిలను మాత్రము పటాలము క్రింద నింతమంది యని యంకె వేసి విడిచిరి. అంతకు రెండేండ్ల ముందు, 1927లో, ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ స్మారకమున 4,700కు పైగా మనవారి పేర్లు చెక్కించినదియు ఆ సంస్థయే! ఐరోపాలో మనుష్యుడు, ఎడారిలో అంకె. 2021లో ఆ సంస్థయే విచారణ జరిపించి, ఈ భేదభావము నంగీకరించి, క్షమాపణ చెప్పెను.

యుద్ధము తగునా యను తీర్పు వేరు, కూలినవాని పేరు వేరు. మాకు కర్మకాండపై విశేషాభిమానము లేదు. కాని పేరును గోత్రమును చెప్పక తిలోదకము విడువరాదను నియమమున న్యాయ మున్నది. మహాలయపక్షమున శస్త్రహతులకు చతుర్దశిని ప్రత్యేకించిన పెద్దలు, వాడే పక్షమున పోరెనని యడుగలేదు. భారతమున స్త్రీపర్వము చూడుడు: నానాదేశములనుండి వచ్చి, దిక్కులేక పడియున్న మృతులకు సైతము ధర్మరాజు దహనము చేయించెను. వారిలో ఆయనపై బాణము వేసినవారు లేకపోలేదు.

ఇట్లు స్మరించుట యుద్ధమును పొగడుటే యగునని శంకించువారు కలరు. అంకెయై పోయినవానికై యేడ్చువారు లేరు. ఏడ్చువారు లేని యుద్ధము మరల సులభముగా మొదలగును.

మన బడులలో రాజుల యేలుబడి సంవత్సరములు వల్లె వేయింతుము. చరిత్రపుస్తకము చివర నొక తెల్లకాగితము కుట్టి, ఊరినుండి పటాలమునకు పోయి తిరిగిరానివాని పేరు, తండ్రి పేరు, పోయిన యేడు, కూలిన తావు పిల్లలచేత వ్రాయింపవచ్చును. ఆ యింటి పెద్దల నడుగుడు. పింఛను కాగితములు భోషాణముల యడుగున వెదకినచో దొరకవచ్చును.