గాలివాటం కలిసొస్తే

కరీబియన్ దీవులకు వెళ్ళినవాళ్ళు ఒక రోజుకు తెరచాప పడవను బాడుగకు మాట్లాడుకుంటారు. అక్కడ తూర్పు నుంచి వీచే గాలి ఏడాదిలో చాలాకాలం నమ్మకంగా ఉంటుంది. మన తోటపల్లి గూడూరు వైపూ తెరచాపలు తిరిగాయి. సముద్రం మీదే కాదు, తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువలో కూడా. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ తవ్వకం 1877-78 కరువులో ఆకలిగొన్న కూలీల చేతుల మీదుగా ముందుకు సాగింది. వాళ్ళ చెమటను తలచుకోకుండా ఈ కాలువ మాట ఎత్తలేను.

ఉప్పు, ధాన్యం, వంటచెరకు వేసుకుని పడవలు మద్రాసు చేరేవి. గాలివాటం కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి పడిపోతే ఒకరు గడ వేసి తోసేవారు. మరొకరు గట్టున దిగి, భుజానికి తాడు వేసుకుని, నేలకు వంగిపోయి లాగేవారు. పడవ గట్టుకు ఒరుసుకోకుండా చూసే బరువంతా చుక్కాని పట్టినవాడిదే.

తుపానులు, పూడిక, లారీలు ఆ రాకపోకలను ఆపేశాయి. 2008లో ఈ కాలువను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. సరుకు పడవల మాట ఎలా ఉన్నా, మన దగ్గరి కోడూరు బీచికి వచ్చే పిల్లలను ఒక్క పూటైనా ఈ నీటిపై తెరచాప కింద కూర్చోబెట్టాలని నా కోరిక.