అల ముందు అందరూ ఒక్కటే



1966లో జాన్ రిడ్జ్‌వే, చే బ్లైత్ అనే ఇద్దరు బ్రిటిష్ సైనికులు అమెరికాలోని కేప్ కాడ్ నుంచి చిన్న పడవలో బయలుదేరారు. తలపై కప్పు లేదు, చేతుల్లో తెడ్లే ఆధారం. తుఫానులకు ఓర్చి, అట్లాంటిక్ దాటి, 92 రోజులకు ఐర్లండ్ చేరారు. లోకం వారిని వీరులంది. ఆ మాటకు వారు తగినవారే.

2015 ఆగస్టులో టర్కీ తీరం నుంచి శరణార్థులతో కిక్కిరిసిన రబ్బరు పడవ ఒకటి గ్రీసు దీవి లెస్బోస్ వైపు కదిలింది. నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోయింది. సిరియా యువతి యుస్రా మార్దినీ, ఆమె అక్క సారా, మరో ఇద్దరు నీళ్లలోకి దూకారు. గంటల తరబడి పడవతో పాటు ఈదారు, చివరికి అది ఒడ్డు చేరింది. మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో యుస్రా శరణార్థుల జట్టు తరఫున ఈదింది.

సాహసికుడు సముద్రాన్ని తానే కోరుకుంటాడు. శిక్షణ పొందుతాడు, తిండీ నీళ్లూ సర్దుకుంటాడు. తిరిగి వెళ్లడానికి అతనికి ఇల్లుంటుంది. శరణార్థిని సముద్రంలోకి తోసేది యుద్ధం. వెనక్కి వెళ్లే దారి ఉండదు. అల మాత్రం ఇద్దరినీ ఒకేలా కొడుతుంది.

సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవారు ఎవరైనా సరే, ఆదుకోవడం నౌకాధిపతి విధి అని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం చెబుతోంది. ఏ దేశం వాడవని అడగమనలేదు.

సాహసికుడికి కొట్టే చప్పట్లలో మనసున్నట్టే, శరణార్థికి చాచే చేతిలోనూ మనసుండాలి. ఇల్లు వదిలి వచ్చినవారు ఎదురైతే, ఈ రోజు ముందుగా వారి క్షేమం అడుగుదాం.